పళ్ళొస్తున్నాయిలే!

ఆమధ్య ఒక బుధవారం నాడు ఒకే మాటని మా కుటుంబంలో ఇద్దరం వాడాం. పొద్దున హైదరాబాద్‌లో నేను, సాయంత్రం జంగారెడ్డిగూడెంలో మా అమ్మ. ఇద్దరం తప్పే.

ముందు నా సంగతి. మేం తయారుచేసిన కొత్త బిల్లింగ్ సిస్టం లైవ్‌లోకి వెళ్ళి తొమ్మిది రోజులైంది. కొన్ని బిల్లుల మీద తేదీ ఒక రోజు వెనక్కి పడుతోంది. ఎందుకో నేనింకా చూడలేదు. చూడలేదని క్లయింటుకి మెయిల్లో రాయలేం కదా! ఇలాంటప్పుడు వాడటానికి మా ఫీల్డులో బంగారంలాంటి మాట ఒకటుంది: ‘టీతింగ్ ఇష్యూస్’. పసిపిల్లలకి పళ్ళొచ్చేటప్పుడు కాస్త చిరాకు పడతారు చూడండి, కొత్త సాఫ్ట్‌వేరూ అంతే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, కంగారు పడకండి అని అర్థం. ఈ మాట రాయగానే అవతలివాళ్ళు మెత్తబడతారు. పసిబిడ్డ అన్నాక ఎవరు తిడతారు చెప్పండి?

ఆ రోజు నాకు భాష మీద ప్రేమ పొంగి, దాన్ని క్రియగా మార్చి రాశాను. సిస్టం ఇంకో వారం పాటు ‘టీత్’ చేస్తుంది అన్నట్టు. టి, ఇ, ఇ, టి, హెచ్. అక్కడితో ఆపేశాను. గంటలో అటునుంచి జవాబొచ్చింది. ఇంగ్లండులో కూర్చునే పెద్దాయన, మాట తక్కువ మనిషి. ఆయన రాసింది రెండు ముక్కలు. ఒకటి, చివర ఇంకో ‘ఇ’ ఉండాలి, నువ్వు రాసింది పళ్ళు, పళ్ళు రావడం కాదు. రెండు, అక్షరం ఒకటి తగ్గింది సరే, మా బిల్లుల్లో రోజు కూడా ఒకటి తగ్గుతోంది, అది చూడు.

ఇక సాయంత్రం ఏడింటికి అక్క ఫోను. బుడ్డోడికి ఎనిమిదో నెల. పొద్దుట్నుంచీ ఆరుసార్లు విరేచనాలు. అక్క గొంతులో కంగారు. వెనకనుంచి అమ్మ: “ఏం లేదురా, పళ్ళొస్తున్నాయి. నీకూ ఇలాగే అయింది. దానికన్నీ భయాలే.” నేనేమన్నానంటే, “అవునక్కా, పళ్ళే అయ్యుంటాయిలే” అన్నాను. నాకేం తెలుసని అన్నానో ఇప్పటికీ తెలీదు. అనేసి, ఫోను పెట్టేసి, ల్యాప్‌టాప్ తెరిచి... ఏం చేశాననుకుంటున్నారు? ఆ పెద్దాయన చెప్పిన ‘ఇ’ నిజంగా ఉందో లేదో చూడటం మొదలెట్టాను. పొద్దుటి అవమానం నన్ను అంత బాధిస్తోంది మరి.

ఉంది. నామవాచకం టీత్, అంటే పళ్ళు. క్రియ టీద్, అంటే పళ్ళు రావడం. క్రియకి చివర ‘ఇ’ ఉంటుంది, అది పలకదు గానీ తన ముందున్న హల్లుని మెత్తబరుస్తుంది. గట్టి ‘త్’ కాస్తా ‘ద్’ లాగా అవుతుంది. కాబట్టి మనం అలవాటుగా అనే ‘టీతింగ్’ కూడా నిజానికి ‘టీదింగ్’. (అలా పలికితే మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు, అది వేరే విషయం.) ఇలాంటి జంటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. బ్రెత్ అంటే ఊపిరి, బ్రీద్ అంటే ఊపిరి పీల్చడం. క్లాత్ గుడ్డ, క్లోద్ తొడగడం. బాత్ స్నానం, బేద్ స్నానం చేయడం. అన్నింట్లోనూ పేరుకి గట్టి శబ్దం, పనికి మెత్తటి శబ్దం, పనికే చివర ‘ఇ’. కారణం పాతది. ఒకప్పుడు ఈ క్రియలకి చివర ఒక అచ్చు నిజంగానే పలికేవాళ్ళు. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న హల్లు మెత్తబడింది. తర్వాత ఆ చివరి అచ్చు నోట్లోంచి పోయింది, కాగితం మీద మాత్రం మిగిలింది. 15వ శతాబ్దం నాటికే ఈ క్రియ ఇంగ్లీషు రాతల్లో ఉంది.

మరి ఒక పన్ను టూత్ అయితే రెండు పళ్ళు టీత్ ఎందుకయ్యాయి? ఫుట్ ఫీట్ అయినట్టే, గూస్ గీస్ అయినట్టే. బహువచన ప్రత్యయంలో ఒకప్పుడున్న ‘ఇ’కారం ముందున్న ‘ఓ’ని తనవైపు లాక్కుని, ఆ తర్వాత తను తప్పుకుంది. మన తెలుగులో కత్తి కత్తులు అయినప్పుడు ప్రత్యయంలోని ‘ఉ’ వెనకున్న ‘ఇ’ని మార్చేస్తుంది కదా, కాస్త అలాంటి పనే.

ఇంకొంచెం లోపలికి వెళ్తే మన ఇంటికే వచ్చాను. టూత్, సంస్కృత దంతం ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతంలో ‘ద’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ట’ వస్తుంది. ద్వి, టూ. దశ, టెన్. దంత, టూత్. మధ్యలో ఉన్న నకారాన్ని ఇంగ్లీషు మింగేసింది. జర్మన్‌లో గాన్స్ అనే బాతుజాతి పక్షి ఇంగ్లీషులో గూస్ అయినప్పుడు కూడా అదే నకారం మాయమైంది. దంతం అసలు అర్థం ‘తినేది’ అని భాషావేత్తలు చాలామంది అంటారు. తినడానికి సంస్కృత ధాతువు ‘అద్’. అన్నం అనే మాట దాన్నుంచే పుట్టింది, అంటే ‘తినబడినది’. ఇంగ్లీషు ‘ఈట్’ కూడా ఆ కుటుంబమే. ఆరో నెలలో అన్నప్రాశన చేస్తాం, ఇంచుమించు అప్పుడే దంతం వస్తుంది. మాటలు రెండూ తోబుట్టువులన్నమాట.

మన ‘పన్ను’ మాత్రం వేరే ఇంటిది. తమిళంలో పల్, కన్నడంలో హల్లు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిపి వేరే కుటుంబమని 1816లోనే మద్రాసు కలెక్టరు ఎల్లిస్ చూపించాడు. ఆ పన్నుకి, మనం కట్టే పన్నుకి ఒకే రూపం ఉండటం మన అదృష్టం. రెండూ పీకేటప్పుడు నొప్పే.

ఇంకో తమాషా. అక్షరమాలలో త థ ద ధ న దంత్యాలు, అంటే నాలుక పళ్ళకి తగిలితే పలికేవి. మా బుడ్డోడు నోట్లో ఒక్క పన్నూ లేకుండానే మా నాన్నని చూసి “తాతతాత” అంటాడు. వ్యాకరణానికి ఎదురు తిరగడం మా వంశంలో ఉంది.

దంతం వెంటపడి పోతుంటే మా ఆఫీసులోకీ, నాన్న కొట్లోకీ కూడా దారి కనిపించింది. పైథాన్‌లో కోడ్ రాసేవాళ్ళకి ఇండెంటేషన్ ప్రాణం. లైను ముందు ఖాళీలు సరిగ్గా వదలకపోతే ప్రోగ్రాం నడవదు. ఆ ఇండెంట్‌లో ఉన్నది లాటిన్ దంతమే. పూర్వం యూరప్‌లో ఒప్పందాన్ని ఒకే తోలుకాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో పళ్ళు పళ్ళుగా, రంపం ఆకారంలో కోసి చెరొక ముక్క ఇచ్చేవారు. రేపు తగాదా వస్తే రెండు ముక్కల పళ్ళూ కలిస్తే అసలుది, కలవకపోతే దొంగది. అదే ఇండెంచర్. ఆ పేరుతోనే మన కోస్తా జిల్లాల నుంచి మనుషుల్ని ఓడలెక్కించి మారిషస్, నేటాల్, ఫిజీ చెరుకు తోటలకి తీసుకెళ్ళారు. మద్రాసులో బయల్దేరిన ట్రురో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్‌కి కూలీల్ని మోసిన మొదటి ఓడ అదే. ఆ వలసలో వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవలు అక్కడ ఇంకా ఉన్నారు. ఇక ఇవాళ జంగారెడ్డిగూడెంలో మా నాన్న ఎరువుల కొట్లో కూర్చుని “యూరియాకి ఇండెంట్ పెట్టానండి, లారీ రావాలి” అంటాడే, అదీ ఆ పళ్ళ కాగితమే. బైకుకి పడే డెంట్ మాత్రం ఈ కుటుంబం కాదు. దెబ్బ అనే అర్థమున్న వేరే పాత మాట నుంచి వచ్చింది.

ఇదంతా చదువుతూ రాత్రి పదిన్నర చేశాను. నిజానికి బానే ఎంజాయ్ చేస్తున్నాను. అప్పుడు తగిలింది ఇంకో ‘ద్’ మాట. ‘సూద్’. ఊరడించడం. పళ్ళొచ్చే పిల్లల మందుల మీద ఎక్కడ చూసినా ఆ మాటే ఉంటుంది. దాని మూలం చూస్తే, సూత్ అంటే పాత ఇంగ్లీషులో సత్యం. మన ‘సత్యం’తో చుట్టరికం ఉన్న మాటే, దంతం టూత్ అయినట్టే ఇక్కడా నకారం మాయం. సూద్ అనే క్రియకి మొదటి అర్థం, నిజమని రుజువు చేయడం. తర్వాత, ఎదుటివాడు ఏమంటే అది నిజమే అని తలూపడం. ఆపైన, ముఖస్తుతి. చివరికి, ఊరడించడం. అంటే సత్యంతో మొదలైన మాట “అవునులే” దగ్గర తేలింది.

నేను ఏడింటికి అక్కతో అన్నది అదే కదా. “అవునక్కా, పళ్ళేలే.”

అక్కడ్నుంచి చదివింది వేరే రకం. పళ్ళ మీద నేరం మోపడం మా అమ్మ కనిపెట్టింది కాదు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీదున్న సూత్రాల్లో పళ్ళొచ్చే పిల్లలకి జ్వరాలు, ఫిట్సు, విరేచనాలు అని ఉంది. మన వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఇంకో అడుగు ముందుకేసి, పళ్ళు పొడుచుకురావడం అన్ని రోగాలకూ కారణమన్నాడు. పళ్ళొచ్చాక అవి వాటంతటవే తగ్గుతాయి కనక బిడ్డని మరీ కట్టడి చేయొద్దన్నాడు. లండన్‌లో 17వ శతాబ్దంలో ఎవరు దేనివల్ల పోయారో జాబితాలు అచ్చువేసేవారు. 1662లో జాన్ గ్రాంట్ అనే వ్యాపారి ఆ జాబితాల్ని లెక్కలు కట్టి పుస్తకం రాశాడు. అందులో ఒక పద్దు పేరు ‘పళ్ళు, నులిపురుగులు’. ప్లేగు, క్షయ లాంటి వాటి పక్కన అది కూడా ఒక చావు కారణం. 19వ శతాబ్దంలోనూ ఇంగ్లండు మరణ రిజిస్టర్లలో పళ్ళు రావడాన్ని కారణంగా రాస్తూనే ఉన్నారు. ఆ పిల్లలు పళ్ళవల్ల పోలేదు. ఆర్నెల్ల నుంచి రెండున్నరేళ్ళ దాకా పళ్ళొస్తూనే ఉంటాయి, మొత్తం ఇరవై పాలపళ్ళు. ఆ వయసులో ఏ రోగం వచ్చినా నోట్లో ఎక్కడో ఒక పన్ను పొడుస్తూ దొరుకుతుంది. సాక్ష్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటే ఇంక విచారణ ఎవరు చేస్తారు?

పైగా కారణం పళ్ళని తేల్చాక మందూ పళ్ళకే. చిగుళ్ళని కత్తితో కోశారు, వందల ఏళ్ళ పాటు. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్‌లో (చూశారా, సూద్!) మార్ఫిన్ ఉండేది. బిడ్డ ఏడుపు ఆగేది, కొందరికి ఊపిరీ ఆగేది. బ్రిటన్‌లో పళ్ళ పొడుల్లో పాదరసం కలిపేవారు. చేతులూ కాళ్ళూ ఎర్రబడి పిల్లలు నరకం చూసిన ‘పింక్ డిసీజ్’ దానివల్లేనని తేలి, 1950ల్లో పాదరసం తీసేశాక ఆ జబ్బే కనుమరుగైంది. పాత కథలే అనుకోవద్దు. 2017లో అమెరికా ఔషధ సంస్థ కొన్ని హోమియోపతి పళ్ళ మాత్రల్లో బెల్లడోనా అనే విషపదార్థం చీటీ మీద రాసినదానికంటే ఎక్కువ ఉందని హెచ్చరించింది.

ఇప్పుడు డాక్టర్లు చెప్పేది సింపుల్. పళ్ళొస్తే చొంగ కారుతుంది, చిగుళ్ళు దురద పెడతాయి, బిడ్డ చిరాకు పడతాడు, ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు. నూరు డిగ్రీలు దాటిన జ్వరం, నీళ్ళ విరేచనాలు, వాంతులు పళ్ళ పని కాదు. అవి ఆ వయసులోనే ఎందుకొస్తాయంటే, తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పుడే తగ్గుతుంది, పైతిండి అప్పుడే మొదలవుతుంది, పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడమూ అప్పుడే.

పదకొండు దాటాక అక్కకి ఫోన్ చేశాను. మేలుకునే ఉంది. “ఉచ్చ ఎప్పుడు పోశాడక్కా?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. “నాలుగింటికి అనుకుంటా... ఏడిస్తే కన్నీళ్ళు కూడా రావట్లేదురా” అంది. అమ్మ వెనక నుంచి ఏదో అంటోంది. “అమ్మా, పళ్ళు కాదు. ఇప్పుడే తీసుకెళ్ళండి” అన్నాను. నేను అమ్మతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. బావ అప్పటికే కారు తాళాలు వెతుకుతున్నాడు. వినిపిస్తోంది.

జంగారెడ్డిగూడెంలోనే పిల్లల డాక్టరు. ఆయన పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వదిలాడట. అది వెంటనే వెనక్కి వెళ్ళలేదు. వెంటనే సెలైన్ పెట్టాడు. చిన్న చెయ్యి, నరం దొరకడానికి మూడుసార్లు గుచ్చారని అక్క తర్వాత చెప్పింది. ఆ పనయ్యాక టార్చి వేసి పైపెదవి ఎత్తాడు, కింది పెదవి దించాడు. చిగుళ్ళు నున్నగా ఉన్నాయి. పైనా కిందా ఎక్కడా ఒక్క పన్ను లేదు, వచ్చే సూచనా లేదు. మా అమ్మ వైపు తిరిగి మెల్లగానే అన్నాడట: “పళ్ళు అందరికీ వస్తాయమ్మా. విరేచనాలు అందరికీ రావు.”

తెల్లారి నాలుగున్నరకి డైపర్ తడిసింది. మా ఫ్యామిలీ గ్రూపులో బావ ఆ ఒక్క వార్త పెట్టాడు. అంత సంతోషకరమైన మెసేజ్ ఆ గ్రూపులో మళ్ళీ రాలేదు.

డాక్టరు రాసిచ్చింది ఓఆర్ఎస్, పద్నాలుగు రోజులు జింకు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మావాళ్ళు దాన్నీ తప్పు కలపబోయారు. లీటరు ప్యాకెట్టుని పూర్తిగా లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలోనే కలపాలి. గ్లాసుకి కొంచెం అని అందాజుగా వేస్తే ఉప్పు ఎక్కువై హాని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభిస్తే, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు–గ్లూకోజు నీళ్ళని డ్రమ్ముల్లో కలిపి ఇప్పించి వేలమందిని నిలబెట్టాడు. అంత చవకైన మందు పేరు పెట్టుకుని మెడికల్ షాపుల్లో తియ్యటి పానీయాలూ అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దాని మీద పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ‘ఓఆర్ఎస్’ అనే మాట ఉండకూడదని ఆదేశించింది. డబ్బా మీది మూడక్షరాల కోసం ఏళ్ళ పోరాటం! ఒక ‘ఇ’ కోసం ఒక రాత్రి తగలేసిన నేను నవ్వడానికి లేదు.

గురువారం ఆఫీసుకి నిద్రకళ్ళతో వెళ్ళి, ముందు ఆ తేదీల సంగతి చూశాను. అరగంట పట్టింది. సర్వర్ గడియారం గ్రీన్‌విచ్ టైములో ఉంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. వాళ్ళ ఇండియా గోడౌన్లలో నైట్ షిఫ్టు ఉంటుంది. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున అయిదున్నర లోపు కొట్టిన ప్రతి బిల్లూ నిన్నటి తేదీతో పడుతోంది. ఇంకో వారమైనా, ఇంకో ఏడాదైనా అలాగే పడేది. నేను రాసిన ఒక లైను తప్పు. పెద్దాయనకి మెయిల్ పెట్టాను: ఇది పళ్ళు రావడం కాదండి, నా తప్పు, సరిచేశాను, వెనక్కి పడ్డ బిల్లుల జాబితా జతచేశాను. ఆయన జవాబు ఒక్క మాట, “థాంక్స్.” స్పెల్లింగుల ప్రస్తావన లేదు.

పదో నెలలో బుడ్డోడికి పన్నొచ్చింది. జ్వరం లేదు, విరేచనాలు లేవు, ఏ రోజు వచ్చిందో కూడా తెలీదు. అమ్మ ఉగ్గు పెడుతుంటే స్టీలు చెంచా ‘టిక్’మంది. కాకపోతే వచ్చింది పైపన్ను. పైపళ్ళు ముందొస్తే మేనమామకి గండమని మావైపు గట్టి నమ్మకం. వాడికి మేనమామని నేనొక్కణ్ణే. అమ్మ రాత్రికి రాత్రి ఫోను చేసి, “నువ్వేం మాట్లాడకు, మంగళవారానికల్లా మద్దికి రా” అంది. ఆ బుధవారం రాత్రి నేను అరిచినట్టు మాట్లాడినందుకు ఇది నా వంతు అనుకుని బస్సెక్కాను. గురవాయిగూడెంలో ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేశాను. ఇది రాస్తున్న నాటికి నేను క్షేమమే.

తిరిగి ఆటోలో వస్తుంటే అమ్మ అడిగింది, “ఇంతకీ ఆ ఇంగ్లీషు ముక్కకి చివర ఏముంటుందన్నావు?”

“ఇ ఉంటుందమ్మా. పలకదు. దాని ముందున్నదాన్ని మెత్తగా చేస్తుంది, అంతే.”

“పలక్కపోతే ఉన్నట్టెలా తెలుస్తుంది?” అంటూ ఒళ్ళో వాడి నోట్లో వేలు పెట్టి ఆ ఒక్క పన్నునీ తడిమింది. వాడు కొరికాడు. “అమ్మో!” అని వేలు లాక్కుని, ఆటోవాడికి కూడా చూపించింది.